అడగడానికి మనిషి లేనివాళ్ల కోసం

చిరంజీవి అమ్మడికి,

తాతయ్య దీవించి రాసేది. గురజాలలో ఎండలు మొదలయ్యాయి, మిరపకాయలు కల్లాల మీదికి వచ్చాయి.

నువ్వు విజయవాడ ఆకాశవాణిలో ఆడిషన్ నెగ్గావని, అనౌన్సర్లకిచ్చే వాణి కోర్సు కూడా ముగించావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇక క్యాజువల్ అనౌన్సరుగా డ్యూటీలు వేస్తారని, ఆదివారం నాడు శ్రోతల ఉత్తరాలు చదివి జవాబులు చెప్పే కార్యక్రమం కూడా నీ వంతుకి రావొచ్చని అన్నాడు. సంతోషం పట్టలేక అప్పుడు ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఈ సంగతి ఫోన్లో రెండు ముక్కలతో తెమిలేది కాదనిపించి కాగితం తీశాను.

మైకు ముందు ఎట్టా కూర్చోవాలో, ఫేడర్ ఎప్పుడు ఎత్తాలో, క్యూ షీటు ఎట్టా చూసుకోవాలో అక్కడి పెద్దలు నేర్పుతారు. ఉత్తరం బయలుదేరే చోట ఏం జరుగుతుందో మాత్రం వాళ్లకంటే నాకు బాగా తెలుసు. కారెంపూడి దగ్గర పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసిన రోజుల్లో విజయవాడ రేడియో స్టేషనుకి పోయే కార్డుల మీద తారీకు ముద్ర కొట్టి సంచీలో వేసింది నేనే. వాటిలో ఎక్కువ కార్డుల మీద ఒకటే చిరునామా ఉండేది: ధర్మసందేహాలు, ఆకాశవాణి, విజయవాడ.

ఆ కార్యక్రమం పేరు నువ్వు మా నోట వినే ఉంటావు. ఉషశ్రీ గారిది. నువ్వు పుట్టేనాటికే ఆయన లేరు కాబట్టి నీకది పెద్దవాళ్లు మురిపెంగా చెప్పుకునే పేరు, అంతే. మాకు ఆదివారం అంటే ఆ గొంతే. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928 మార్చి 16న పశ్చిమ గోదావరిలోని కాకరపర్రులో పుట్టారు. కథలూ నవలలూ రాసి, ఆకాశవాణిలో చేరి, విజయవాడ కేంద్రం నుంచి రామాయణం చెప్పారు, భారతం చెప్పారు, భాగవతం చెప్పారు. వాటితో పాటు ఈ ధర్మసందేహాలు. శ్రోతలు తమకు తోచిన సందేహం రాసి పంపితే, ఆదివారం మధ్యాహ్నం ఆయన దాన్ని చదివి జవాబు చెప్పేవారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి వ్యాఖ్యానం చెప్పినా, స్టూడియోలో కూర్చుని కార్డు చదివినా అదే గొంతు. నిండుగా, బరువుగా, ఒక్కోసారి గద్దించినట్టుగా ఉండేది. ఆ గొంతు రేడియోలో మొదలైతే మా వీధిలో ఎవరి ఇంటి ముందు నిలబడ్డా ఒక్క మాటా పోకుండా వినపడేది.

అప్పటికి మా ఊళ్లో రేడియోలున్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెలు మోతుబరుల ఇళ్లల్లో గూట్లో గుడ్డ కప్పుకుని ఉండేవి. రేడియో ఉన్నవాళ్లు ఏటా లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకొచ్చి డబ్బు కట్టాలి. ఆ రోజుల సంగతి ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆకాశంలోంచి వచ్చే మాటకి పన్ను కట్టి మరీ విన్నాం. మిగతా ఊరంతటికీ పంచాయతీ ఆఫీసు రేడియోనే దిక్కు. దాని లౌడ్‌స్పీకరు గొట్టం ఆఫీసు కప్పు మీద కట్టి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని వేయమని జనమే వచ్చి అడిగేవాళ్లు.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, కులం అడక్కుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని మన పల్నాటి కథ చెబుతారు గదా. మా ఊళ్లో ఆ గొట్టం కింద నేను చూసింది అలాంటిదే. కూర్చోవడానికి ఎవరి అరుగు వాళ్లది, ఎవరి చెట్టు నీడ వాళ్లది. ఆ దూరాలు ఊరికే పోలేదు, అంతా చక్కగా ఉండేదని నీకు చెబితే అబద్ధమవుతుంది. కానీ భారతం అందరికీ ఒకే మాటల్లో, ఒకే గొంతులో, ఒకే వేళకి వచ్చింది. గుడి మండపంలో పురాణం చెబితే మెట్ల కింద నిలబడాల్సి వచ్చినవాళ్లు కూడా పంచాయతీ గొట్టం దగ్గర మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నారు. విన్నవాళ్లు కార్డు రాశారు. ఆ కార్డు చేరిన చోట కులం ఏమిటని అడిగే మనిషి లేడు.

నాగార్జున సాగర్ కుడి కాలవ నీళ్లొచ్చాక మన వైపు పొలం పని పెరిగింది. ఆదివారమని పత్తితీత ఆగదు, మిరపకోత ఆగదు. కొందరు కూలీలు చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి చద్ది మూటతో పాటు తెచ్చుకునేవాళ్లు. తుమ్మచెట్టు కింద జొన్నన్నం, గోంగూర పచ్చడి తింటూ వినేవాళ్లు. ఆయన ఒక శ్లోకం అందుకుంటే వాళ్లకు అర్థమయ్యేది కాదు. తర్వాత తెలుగులో విప్పి చెబుతాడని తెలుసు, అందుకని ఓపిగ్గా ఉండేవాళ్లు. ఇది గుర్తుపెట్టుకో. నీ మాట వినేవాళ్లకి నువ్వు చెప్పే ప్రతిదీ తెలియనక్కర్లేదు. విప్పి చెబుతావనే నమ్మకం ఉంటే చాలు, ఆగుతారు.

ఇక అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను.

చదువురానివాళ్లు కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి రాసిపెట్టమనేవాళ్లు. పదిహేను పైసల కార్డు. దాంట్లో పట్టేది ఎంత? అయినా రాసేముందు వాళ్లు చెప్పేది చాలా ఉండేది. కర్ణుడికి అన్యాయం జరిగింది గదా, దేవుడు ఎట్టా ఊరుకున్నాడు అని ఒకరు. మైలరోజుల్లో ఇంట్లో దీపం పెట్టొచ్చా అని ఇంకొకరు. సీతమ్మను అడవికి పంపడం ధర్మమేనా అని అడగమన్న ఆడవాళ్లు ఒకరిద్దరు కాదు. ఇట్టాంటివి రాసి ముద్ర కొట్టి పంపేవాణ్ణి.

ఒకసారి ఒకామె వచ్చింది. మొగుడు పోయి ఏడాది తిరగవచ్చింది. ఒక్కతే కూతురు. బావగారి కొడుకులు వచ్చి, తద్దినం మేమే పెడతాం, మగపిల్లలు లేరు గదా అన్నారంట. మాట తద్దినం గురించే గానీ, చూపు పొలం మీద ఉందని ఆమెకు తెలుసు. కూతురు తండ్రికి తద్దినం పెట్టొచ్చా అని ఆమె సందేహం. ఊళ్లో పంతులుగారిని అడగొచ్చు గదా అన్నాను. ఆయనా మా బావగారూ రోజూ ఒకే అరుగు మీద కూర్చుంటారు, నేను అడిగిన మాట నేను ఇంటికి చేరేలోపే వాళ్లింటికి చేరుద్ది అంది. సరే, కార్డు తీశాను. కార్డు వద్దు, ఇన్లాండు కవరు మీద రాయి, దారిలో ఎవరూ చదవకూడదు అంది. పేరు రాయొద్దు అంది, ఊరు రాయొద్దు అంది. రాయడం అయ్యాక, నేను కొట్టబోయే ముద్ర చూసి చెయ్యి పట్టుకుని ఆపింది. ముద్రలో ఊరి పేరు ఉంటుంది గదా అని.

అమ్మడూ, నేను చాలా ఉత్తరాలు చూశాను. డబ్బు కోసం రాసినవి, చావు కబురు చెప్పినవి, పెళ్లి శుభలేఖలు. ముద్రలోని ఊరి పేరుకి భయపడిన మనిషిని చూసింది అప్పుడే. సంచీ నేరుగా రన్నరు చేతికి పోతుందని, అవతల వాళ్లు ఊరి పేరు చదవరని నచ్చజెప్పి పంపించాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె మా ఇంటికొచ్చి మీ నాయనమ్మ పక్కన కూర్చునేది. మీ నాయనమ్మ ఏమీ అడగలేదు. కొన్ని వారాలు పోయాక ఇంకో జిల్లా నుంచి ఎవరో రాసిన ఉత్తరంలో దాదాపు అదే ప్రశ్న వచ్చింది. ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ రాయను. ఆ ప్రశ్న ఆమెది, ఆ జవాబూ ఆమెదే. నాకు ఈనాటికీ మనసులో ఉండిపోయింది వేరే సంగతి. తను నోరు తెరిచి ఊళ్లో అడగలేని మాటను ఎవరో పెద్దాయన రాష్ట్రమంతా వినేట్టు పైకి చదివాడు, దాన్ని ప్రశ్నగా ఒప్పుకున్నాడు, గ్రంథం తీసి చూసి జవాబు చెప్పాడు. ఇలాంటి మాట అడగకూడదని అనలేదు. పోయేటప్పుడు ఆమె నడక వేరుగా ఉంది.

నీకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. అడగడానికి ఊళ్లో మనిషి లేనివాళ్లు అడిగే చోటు రేడియో. నీ ముందుకొచ్చే ప్రతి ఉత్తరమూ అట్టాంటిదే కాదు. సినిమా పాట వేయమని రాసేవాళ్లుంటారు, పేరు వినపడితే చాలనుకునేవాళ్లుంటారు. వాళ్లకీ ఇవ్వు. కానీ ఆ కట్టలో ఎక్కడో ఒకటి, ముద్రకి భయపడుతూ రాసినది ఉంటుంది. అది ఏదో నీకు తెలియదు. కాబట్టి అన్నింటినీ ఆ ఒక్కదాన్ని చదివినట్టే చదవాలి.

భారతంలో ద్రౌపది సభలో అడిగింది చూడు. ధర్మరాజు తను ముందు ఓడి, ఆ తర్వాత నన్ను ఓడాడా, లేక నన్ను ముందు ఓడాడా అని. అంతమంది పెద్దలున్న సభ. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని, తేల్చలేనని అన్నాడు. ఆమె తరఫున లేచి మాట్లాడింది కౌరవుల్లో ఒకడైన వికర్ణుడు. ధర్మసందేహం అన్నది ఎప్పుడూ నిలదీసే అవసరం ఉన్నవాళ్లకే వస్తుంది, తీరిక ఉన్నవాళ్లకి వచ్చేవి కబుర్లు. ఆ ఘట్టం చెప్పేటప్పుడు ఉషశ్రీ గారి గొంతు ఎట్టా ఉండేదో నేను కాగితం మీద పెట్టలేను. మా ఇంట్లో ఆడవాళ్లు పని ఆపేసేవాళ్లు.

ఇప్పుడు నీ పనికి పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది చదువు. ఉషశ్రీ గారి బలం గొంతులో ఉందని చాలామంది అనుకుంటారు. ఆయన పోయాక ఆ గొంతును అనుకరించినవాళ్లు ఎంతోమంది వచ్చారు. పదాలు సాగదీస్తే, బరువుగా పలికితే సరిపోతుందనుకున్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆయన జవాబు చెప్పేముందు మూలం చూసిన మనిషి. వాల్మీకంలో ఉన్నదేది, వ్యాసుడు చెప్పిందేది, జనం తర్వాత చేర్చుకున్నదేది అని విడదీసి చెప్పేవారు. మనం లక్ష్మణరేఖ అంటాం, వాల్మీకి రామాయణంలో అది లేదు. శబరి కొరికి రుచి చూసి పెట్టిన పండ్లు లేవు. ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర మన ఆడవాళ్ల పాటల్లోది. శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో వెతికితే దొరకదు. మాయాబజార్ చూసి పెరిగిన మనకు ఈ మాట నమ్మబుద్ధి కాదు.

ఇక్కడ నా మాట కూడా ఒకటి చేర్చుకో. మూలంలో లేదని చెప్పు, తప్పు అని మాత్రం చెప్పకు. కారెంపూడిలో కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. అక్కడ వీరవిద్యావంతులు పాడే కథకీ, శ్రీనాథుడి పేరున అచ్చయిన పల్నాటి వీరచరిత్రకీ అన్ని చోట్లా పొత్తు కుదరదు. అంతమాత్రాన పాడేవాణ్ణి ఆపి పుస్తకం చూపించే మనిషి పల్నాట లేడు. ఏ కథ ఎక్కడిదో చెప్పడం పండితుడి పని. దాన్ని విన్న అవ్వ మనసు నొచ్చుకోకుండా చెప్పడం రేడియో మనిషి పని. ఈ రెండోదానిలో ఉషశ్రీ గారు కూడా ఒక్కోసారి కటువుగా ఉండేవారని నాకనిపించేది. అంత పెద్దాయనకి చెల్లింది. నీకు చెల్లదు.

తెలియనిది వస్తే తెలియదని, కనుక్కుని వచ్చే వారం చెబుతానని అను. వచ్చే వారం తప్పకుండా చెప్పు. చెప్పకపోతే ఒక ఊళ్లో ఒక మనిషి రేడియో ముందు కూర్చుని ఉంటాడు.

ఊరి పేరు సరిగా పలుకు. ఇది చిన్న విషయం అనుకోకు. ఎండాకాలం ప్రాంతీయ వార్తల్లో రెంటచింతల ఉష్ణోగ్రత చెబితే, మండిపోతున్నా సరే, మన పక్క ఊరి పేరు రేడియోలో వచ్చిందని సంబరపడేవాళ్లం. రొంపిచర్ల, నకరికల్లు, శావల్యాపురం, బొల్లాపల్లి, దాచేపల్లి, వెల్దుర్తి. ఈ పేర్లు పుట్టి పెరిగినవాళ్ల నోట ఎట్టా పలుకుతాయో నీకు తెలుసు. మిగతా జిల్లాల పేర్లు తెలియకపోతే స్టేషన్లో ఆ జిల్లావాళ్లను అడుగు. మనిషి పేరు తప్పు పలికినా ఊరుకుంటాడేమో గానీ, ఊరి పేరు తప్పు పలికితే ఊరంతా ఊరుకోదు.

యాస గురించి నువ్వు దిగులు పడుతున్నావని మీ నాన్న అన్నాడు. మైకు ముందు వార్త చదివేటప్పుడు, ప్రకటన చేసేటప్పుడు వాళ్లు చెప్పిన తీరులో చదువు. వత్తులు జారనివ్వకు, శ, ష, సలు కలపకు. ఉత్తరం చదివేటప్పుడు మాత్రం రాసినవాళ్ల మాటను మార్చకు. పల్నాడు మనిషి ‘ఎట్టాగండీ’ అని రాస్తే ‘ఎలాగండీ’ అని దిద్దొద్దు. వాళ్ల మాట వాళ్లకు వినపడితేనే అది తమ ఉత్తరమని తెలుస్తుంది. పేరు చెప్పొద్దంటే చెప్పకు. ఊరు చెప్పొద్దంటే జిల్లా కూడా చెప్పకు. ఇది ఎంత పెద్ద సంగతో పైన రాశాను. పొడుగు ఉత్తరాన్ని కుదించాల్సి వస్తే పొగడ్తను తీసెయ్యి, ప్రశ్నను ముట్టుకోకు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు.

నవ్వు వచ్చే ఉత్తరాలు వస్తాయి. ఇద్దరు అనౌన్సర్లు కూర్చుని, శ్రోత రాసిన మాట మీద ఒకరికొకరు నవ్వుకోవడం ఈమధ్య ఎఫ్ఎంలలో వింటున్నాను. విన్నప్పుడల్లా ఆ రాసినవాడి ముఖం నా కళ్ల ముందుకొస్తుంది. నీ నోట అది వినపడనివ్వకు.

ఆ రోజుల్లో ఆదివారమంటే ధర్మసందేహాలు ఒక్కటే కాదులే. మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, సినిమా హాలు లేని పల్లెవాళ్లకు అదే సినిమా. నండూరి సుబ్బారావు గారి ‘గణపతి’ నాటకం వేస్తున్నారంటే నవ్వడానికి సిద్ధపడి కూర్చునేవాళ్లం. బాలాంత్రపు రజనీకాంతరావు గారి హయాంలో పేరు తెచ్చుకున్న భక్తిరంజనితో తెల్లారేది. పిల్లలకు బాలానందం ఉండేది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో మొదలుపెట్టి తర్వాత హైదరాబాదు వచ్చి రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలందరికీ చుట్టాలయ్యారు. ఆ చుట్టరికం పిల్లల చేత పాడించి, ఆడించి, వాళ్ల మాట ఓపిగ్గా విని సంపాదించుకున్నది. మొదటి రోజునే శ్రోతల్ని అన్నయ్యా అక్కయ్యా అని పిలిస్తే రాదు.

మన భాష దాటి చూసినా అంతే. అమీన్ సయానీ 1952లో సిలోన్ రేడియోలో మొదలుపెట్టిన గీత్‌మాలా కోసం దేశమంతా బుధవారం రాత్రి కూర్చుంది. ఆ కార్యక్రమం నడిచింది శ్రోతలు రాసిన వేల ఉత్తరాల మీద. బీబీసీలో అలిస్టర్ కుక్ అనే ఆయన అమెరికా నుంచి వారం వారం ఒక ఉత్తరం చదివినట్టు మాట్లాడుతూ 1946 నుంచి 2004 దాకా నడిపాడు. వీళ్లలో ఎవరూ గుంపుతో మాట్లాడలేదు. ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టు మాట్లాడారు. నువ్వూ ఎవరో ఒకరిని ఎదురుగా పెట్టుకో. నన్నడిగితే ఆ ఇన్లాండు కవరు ఆమెను పెట్టుకోమంటాను.

1987 జనవరిలో దూరదర్శన్ రామాయణం మొదలైంది. మరుసటి ఏడాది గాంధీ జయంతి నాడు భారతం. ఆదివారం పొద్దున్నే టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్టలు పడేవి. బొమ్మ బాగుంది, రథాలు, బాణాలు అన్నీ బాగున్నాయి. హిందీలో వాళ్లు ఏమన్నారో మాకు సగం తెలియదు, అయినా చూశాం. అప్పుడే మొదటిసారి పంచాయతీ గొట్టం దగ్గర అరుగులు ఖాళీ అయ్యాయి. నాకు టీవీ మీద కోపం లేదు. కానీ బొమ్మకు కార్డు రాసి అడగడం కుదరదు. ఆ లోటు మా ఊళ్లో ఎవరూ పైకి చెప్పలేదు, నా బల్ల మీద కార్డులు తగ్గిపోవడం చూసి నాకు తెలిసింది.

1990 సెప్టెంబరు 7, శుక్రవారం, ఉషశ్రీ గారు పోయారు. అరవై రెండేళ్లు. కబురు తెలిసినప్పుడు పోస్టాఫీసులో నలుగురం ఉన్నాం. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అయినా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు ఎవరూ మాట్లాడలేకపోయారు. ఆయన రాసిన రామాయణ భారతాలు పుస్తకాలుగా ఇప్పటికీ జనం చదువుతున్నారు. మన ఇంట్లో ఉన్న ప్రతి నువ్వు చిన్నప్పుడు చించిన అట్టతోనే ఉంది, పంపిస్తాను.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఏది కావాలంటే అది దొరుకుతుంది, ఇక రేడియోని ఎవరు అడుగుతారని నీ స్నేహితులు అంటున్నారట. ఫోన్లో ధర్మం చెప్పేవాళ్లకు కొదవ లేదు, నిజమే. పొద్దున లేస్తే ఏ వారం ఏ రంగు చీర కట్టాలో, ఏ దిక్కుకి తిరిగి ఏం చేస్తే డబ్బు నిలుస్తుందో చెప్పి భయపెట్టేవాళ్లే. మూలం ఎక్కడుందని అడిగితే జవాబు ఉండదు. అడిగినవాడి బాధ ఏమిటో వినే తీరిక వాళ్లకు లేదు. అందుకే నీలాంటివాళ్ల అవసరం తగ్గలేదని నేను నమ్ముతున్నాను. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద ఈనాటికీ మా పొలం గట్టు దాకా వినపడుతుంది. సెట్టు లేనివాళ్లు ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకుని వింటున్నారు. కార్డుకి బదులు వాట్సాప్ వస్తుంది, రానివ్వు. వాట్సాప్‌లో ఊరి ముద్ర ఉండదు గానీ ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకు, ఎవరి కంటా పడనివ్వకు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. క్యాజువల్ డ్యూటీలు నెలకు కొద్దిగానే ఉంటాయి, డ్యూటీకింత అని ఇస్తారు, నెలజీతం కాదు. దాని మీద ఇల్లు గడవదు. నీ పీజీ చదువు మానొద్దు. మీ నాన్నకి ఈ సంగతి దాచి పర్మినెంటు ఉద్యోగం అని చెప్పకు, నేను చెప్పేశాను.

ఇంకొకటి. కార్యక్రమంలో చదవడానికి కుదరని ఉత్తరాలు మిగులుతాయి. వాటిని కట్టగట్టి మూలకు పడెయ్యకుండా చూడు. తీరిక దొరికినప్పుడు నువ్వే చదువు. అవసరమనిపించిన వాళ్లకు ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌ని అడిగి, ఒప్పుకుంటే ఒక కార్డు ముక్క రాయి. కార్డు చేరిన రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో బట్వాడా చేయించిన నాకు తెలుసు.

డ్యూటీ లేని రోజున స్టేషన్ లైబ్రరీలో అడుగు. ఉషశ్రీ గారి టేపులు ఏమైనా ఉంటే కూర్చోనిచ్చి వినిపించమను. గొంతు కోసం వినకు, ఉత్తరాన్ని ఎట్టా చదివారో విను. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంతసేపు ఆగారో విను. విన్నాక నీకేమనిపించిందో నాకు ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయి.

ఇట్లు
మీ తాతయ్య
గురజాల